కొత్త ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ గేమ్ వస్తోంది, మన సిస్టమ్ తట్టుకుంటుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

పెద్ద ఎంఎంఓ (చాలామంది ఒకే ప్రపంచంలో కలిసి ఆడే ఆన్‌లైన్ గేమ్) ఒకటి ప్రకటించారంటే చాలు, ట్రైలర్ వచ్చిన గంటలోపే "నా సిస్టమ్‌లో ఆడుతుందా" అని అడగడం మొదలవుతుంది. అడగడంలో తప్పేం లేదు, ఏళ్ల తరబడి ఎదురుచూసి తీరా మొదటి రోజు నగరంలో అడుగుపెట్టగానే స్క్రీన్ ఆగి ఆగి కదిలితే కలిగే బాధ మామూలుది కాదు. మీరు ఏ గేమ్ కోసం ఎదురుచూస్తున్నా కింది జవాబులు చాలావరకు పనికొస్తాయి, ఎందుకంటే ఈ తరహా గేమ్స్ అన్నీ కంప్యూటర్‌ని ఇబ్బంది పెట్టే చోటు ఒకటే: జనం గుమిగూడిన చోటు.

గేమ్ కొన్ని నెలల్లో వస్తుందంటున్నారు. ఇప్పుడే కొత్త సిస్టమ్ కొనేయనా?

వద్దు. ఇప్పుడున్నది మిగతా పనులకు సరిపోతోంటే ఆగండి. తేదీలు నిలబడవు. స్టార్ సిటిజన్‌ని 2012 అక్టోబరులో ప్రకటించారు, పన్నెండేళ్లు దాటినా 1.0 వెర్షన్ రాలేదు. అప్పుడు దాని కోసమని కొన్న సిస్టమ్ ఏదైనా ఈపాటికి పాతబడిపోయి ఉంటుంది. తేదీ నిలబడినా సరే, విడుదలకు ముందు నెలల్లో గేమ్ లోపల చాలా మారుతుంది. ఆల్ఫా వెర్షన్‌లో తప్పులు పట్టుకోవడానికి పెట్టిన అదనపు కోడ్ ఉంటుంది, టెక్స్‌చర్లు (వస్తువుల పైన అతికించే బొమ్మలు) పూర్తిగా కుదించి ఉండవు, మరోపక్క చివర్లో చేరాల్సిన ఎఫెక్ట్‌లు ఇంకా చేరి ఉండవు. కాబట్టి ఆ దశలో ఎవరో చెప్పిన "నా కార్డులో ఇంత ఎఫ్‌పీఎస్ వచ్చింది" అన్న మాట మీద (ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకు గీసే ఫ్రేముల సంఖ్య) డబ్బు పెట్టలేం, అది నిజమే అయినా సరే.

కొనే సమయం ఎప్పుడంటే, ఓపెన్ బీటా (అందరూ ఆడి చూసే పరీక్ష వెర్షన్) గానీ అధికారిక బెంచ్‌మార్క్ (సిస్టమ్ వేగం కొలిచే పరీక్ష) గానీ వచ్చాక. ఇంకా ఓపిక ఉంటే విడుదలయ్యాక రెండు వారాలకు, అసలైన జనం అసలైన సర్వర్లలో ఆడాక. పాత సిస్టమ్ పూర్తిగా చచ్చిపోయిందంటే అది వేరే సంగతి, అప్పుడు గేమ్ కోసం కాదు, అవసరం కోసం కొంటున్నారు.

స్టోర్ పేజీలో మినిమం, రికమెండెడ్ అని ఇచ్చారు. వాటిని ఎలా చదవాలి?

ఆ రెండు మాటలకు పరిశ్రమ మొత్తానికి ఒకే కొలత అంటూ ఏమీ లేదు. ఒక కంపెనీకి మినిమం అంటే 1080పీలో లో సెట్టింగ్స్ మీద 30 ఫ్రేములు, ఇంకో కంపెనీకి 720పీ. మరొకరికి గేమ్ క్రాష్ కాకుండా తెరుచుకుంటే చాలు. ఏ రిజల్యూషన్, ఏ సెట్టింగ్, ఎన్ని ఫ్రేములు, అప్‌స్కేలింగ్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేయడం) పెట్టారా లేదా అన్నవి రాయని పట్టిక వల్ల పెద్దగా ఉపయోగం లేదని నా అభిప్రాయం. చివరి ప్రశ్న ఈమధ్య మరీ ముఖ్యమైంది, ఎందుకంటే "రికమెండెడ్ 60 ఫ్రేములు" అన్నది అప్‌స్కేలింగ్ కలుపుకుని చెప్పిన లెక్క కావొచ్చు.

ఎంఎంఓల విషయంలో ఇంకో తేడా ఉంది. 2004 నవంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చినప్పుడు డబ్బా మీద రాసిన మినిమం ఏమిటంటే 800 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ రామ్, 32 ఎంబీ గ్రాఫిక్స్ కార్డు. ఆ మెషీన్‌తో లాగిన్ అవ్వొచ్చు, అడవిలో ఒంటరిగా తిరుగుతూ క్వెస్టులు చేసుకోవచ్చు. అదే మెషీన్‌తో 40 మంది కలిసి చేసే రెయిడ్‌లో నిలబడాలంటే మాత్రం కష్టమే. పట్టికలో రాసేది ఒక్కరు ఆడుకునేటప్పటి సంగతి, మనం ఆడేది గుంపులో. అందుకే నేనైతే రికమెండెడ్ అన్నదాన్నే అసలు మినిమంగా తీసుకోమంటాను.

ట్రైలర్‌లో గ్రాఫిక్స్ చూస్తుంటే భయమేస్తోంది. అంత హెవీగా ఉంటుందా?

ట్రైలర్‌ని చూసి భయపడొద్దు, ఆశ కూడా పెట్టుకోవద్దు. అందులో కెమెరా గేమ్ తయారుచేసేవాళ్ల చేతిలో ఉంటుంది, ఫ్రేములో ఎంతమంది ఉండాలో వాళ్లే నిర్ణయిస్తారు. గేమ్‌లో అది ఎవరి చేతిలోనూ ఉండదు.

గ్రాఫిక్స్ గొప్పగా ఉంటే గేమ్ నిలుస్తుందన్న నమ్మకం ఈ రంగంలో చాలాసార్లు దెబ్బతింది. 2004 నవంబరులోనే, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌కి కొద్ది రోజుల ముందు, ఎవర్‌క్వెస్ట్ 2 వచ్చింది. దాని అత్యున్నత సెట్టింగ్ అప్పుడున్న కార్డుల కోసం కాదు, రాబోయే కార్డుల కోసం పెట్టింది. ప్రాసెసర్లలో ఒక్కో కోర్ వేగం అలా పెరుగుతూనే పోతుందని కూడా లెక్కవేసుకున్నారు. 2005 నుంచి పరిశ్రమ వేగం పెంచడం మాని కోర్లు పెంచడం మొదలుపెట్టింది, ఆ లెక్క తప్పింది. వార్‌క్రాఫ్ట్ మాత్రం చేతితో రంగులద్దినట్టుండే బొమ్మలతో మామూలు మెషీన్లలో కూడా నడిచింది, 2010కల్లా దాని సబ్‌స్క్రైబర్లు 1 కోటి 20 లక్షలు దాటారు.

ఇంకో ఉదాహరణ ఫైనల్ ఫాంటసీ 14. 2010 సెప్టెంబరులో వచ్చిన మొదటి వెర్షన్‌లో ఒక పూలకుండీ ఉండేది, అలంకారానికి పెట్టిన మామూలు కుండీ. దాన్ని గీయడానికి సుమారు 1000 పాలిగాన్లు (బొమ్మ ఆకారాన్ని కట్టే చిన్న ముక్కలు), 150 లైన్ల షేడర్ కోడ్ (వెలుగు, రంగు లెక్కగట్టేది) పట్టేవి, అంటే ఆడేవాళ్ల క్యారెక్టర్‌కి ఎంత ఖర్చో ఆ కుండీకీ అంతే. ఈ సంగతి తర్వాత ఆ గేమ్‌ని చేపట్టిన నిర్మాత నవోకి యోషిదానే 2014లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో చెప్పారు. వీధిలో అలాంటి కుండీలు నాలుగు పెట్టారంటే నలుగురు మనుషుల్ని గీసే శక్తి అక్కడ పోయినట్టే. 2012 నవంబరులో ఆ వెర్షన్ సర్వర్లు మూసేశారు, కొత్త ఇంజిన్‌తో 2013 ఆగస్టులో మళ్లీ తెచ్చారు, అప్పుడు నిలబడింది. కొత్త గేమ్ ఏదైనా వస్తోందంటే నేను ముందు చూసేది డ్రాగన్ పొలుసులు ఎంత మెరుస్తున్నాయని కాదు, వాళ్లు చూపించిన గేమ్‌ప్లేలో ఒకే స్క్రీన్ మీద నిజంగా ఆడుతున్నవాళ్లు ఎంతమంది కనబడ్డారని.

సింగిల్ ప్లేయర్ గేమ్స్ అన్నీ హై సెట్టింగ్స్‌లో ఆడుతున్నా. ఇది కూడా ఆడేస్తుంది కదా?

చాలామంది దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

సింగిల్ ప్లేయర్ గేమ్‌లో గదిలో ఎన్ని వస్తువులుండాలో, ఎంతమంది శత్రువులు రావాలో డిజైనర్‌కి ముందే తెలుసు. దాన్ని బట్టి గేమ్‌ని సర్దుతాడు. ఆన్‌లైన్ గేమ్‌లో ఆ వీలు లేదు. శనివారం రాత్రి వరల్డ్ బాస్ వస్తోందని తెలిస్తే ఒక్క మైదానంలోకి రెండొందల మంది వచ్చేస్తారు, ఒక్కొక్కరి వేషం ఒక్కో రకం. ఒక్క క్యారెక్టర్ అంటే ఒక్క బొమ్మ కాదు. తలపాగా, భుజ కవచం, చేతి తొడుగులు, కత్తి, వీపు మీద అంగీ, పక్కన పెంపుడు జంతువు, ఇలా ప్రతి ముక్కనీ గీయమని ప్రాసెసర్ గ్రాఫిక్స్ కార్డుకి విడివిడిగా ఆదేశం పంపాలి. వీటినే డ్రా కాల్స్ అంటారు. పైగా ప్రతి క్యారెక్టర్ ఎముకల కదలిక లెక్కగట్టాలి, పేరు తల మీద చూపించాలి, సర్వర్ నుంచి వచ్చిన స్థానాల్ని సరిచూసుకోవాలి, ఎవరు ఏ మంత్రం వేశారో, ఎవరికి ఎంత దెబ్బ తగిలిందో నమోదు చేయాలి. ఈ పనుల్లో పెద్ద భాగం చాలా ఇంజిన్లలో ఒకే ఒక్క మెయిన్ థ్రెడ్ (ప్రాసెసర్‌లో పనులు ఒకదాని తర్వాత ఒకటి జరిగే వరస) మీద నడుస్తుంది.

60 ఎఫ్‌పీఎస్ రావాలంటే ఒక ఫ్రేము పని మొత్తం 16.7 మిల్లీసెకన్లలో అయిపోవాలి. జనంలో ఆ మెయిన్ థ్రెడ్‌కి 25 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి, మీకు దక్కేది 40 ఫ్రేములే. పక్కన ఎంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డున్నా అది ఖాళీగా కూర్చుని ఎదురుచూస్తుంది. ఒకే కౌంటర్ తెరిచిన బ్యాంకులో వెనకాల పది మంది ఉద్యోగులు ఖాళీగా ఉన్నా క్యూ కదలనట్టే.

అందుకని మీరు ఆడిన సింగిల్ ప్లేయర్ గేమ్ ఎంత హెవీ అయినా, దాని ఫలితం ఈ ప్రశ్నకు జవాబు కాదు. ఇప్పటికే ఉన్న ఏదైనా ఎంఎంఓలో జనం ఎక్కువగా ఉండే నగరానికి వెళ్లి చూస్తే మీ సిస్టమ్ గురించి అంతకంటే ఎక్కువ తెలుస్తుంది.

నా మెషీన్‌లో అడ్డం పడుతున్నది ప్రాసెసరా, కార్డా? ఎలా తెలుస్తుంది?

అలాంటి నగరంలో నిలబడి టాస్క్ మేనేజర్ తెరవండి. గ్రాఫిక్స్ కార్డు వాడకం 95 శాతం పైన ఉంటే కార్డు పూర్తిగా పనిచేస్తోందని, ఇబ్బంది దాని దగ్గరే అని. ఫ్రేములకు హద్దు పెట్టకుండానే కార్డు 50 శాతం దగ్గర ఉండి ఎఫ్‌పీఎస్ మాత్రం 35 దగ్గర ఉంటే, ప్రాసెసర్ అడ్డం పడుతోంది.

ఇక్కడ అందరూ అనే మాట ఒకటుంది: "ప్రాసెసర్ 20 శాతమే వాడుతోంది, ఇంకా ఖాళీ ఉంది కదా." ఆ 20 శాతం అన్ని థ్రెడ్ల సగటు. 16 థ్రెడ్ల ప్రాసెసర్‌లో ఒక్క థ్రెడ్ నూటికి నూరు నిండిపోయినా మొత్తంలో అది 6 శాతం చిల్లరే. మెయిన్ థ్రెడ్ ఊపిరాడక ఉన్నా పైకి ఖాళీగానే కనబడుతుంది. అనుమానం ఉంటే రిజల్యూషన్‌ని ఒక్కసారిగా 720పీకి దించండి. ఎఫ్‌పీఎస్ పెరగలేదంటే ఇక సందేహం అక్కర్లేదు, ప్రాసెసరే.

సగటు ఎఫ్‌పీఎస్‌తో పాటు "1 శాతం లో" అనే అంకె (అన్నిటికంటే నెమ్మదైన 1 శాతం ఫ్రేముల వేగం) కూడా చూడండి. సగటు 70 ఉండి 1 శాతం లో 18 ఉంటే చేతికి తెలిసేది ఆ 18.

అయితే ఎక్కువ కోర్లున్న ప్రాసెసర్ కొంటే సరిపోతుందా?

ఒక్కో కోర్ వేగం, క్యాష్ మెమరీ (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీ) ఈ రెండూ ముందు, కోర్ల సంఖ్య తర్వాత. ఇప్పటి గేమ్స్‌కి ఆరు లేదా ఎనిమిది మంచి కోర్లు చాలు. క్యాష్ ఎందుకంత ముఖ్యం అంటే, వందల క్యారెక్టర్ల వివరాలు చెల్లాచెదురుగా మెమరీలో ఉంటాయి, ప్రతి ఫ్రేములో వాటన్నిటినీ ఒకసారి తాకాలి. ప్రతిసారీ రామ్ దాకా వెళ్లిరావాల్సి వస్తే ప్రాసెసర్ సగం కాలం ఎదురుచూపుల్లోనే గడిచిపోతుంది. ఏఎండీ 2022 ఏప్రిల్‌లో తెచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీలో 96 ఎంబీ ఎల్3 క్యాష్ పెట్టారు, అదే తరంలోని మామూలు 5800ఎక్స్‌లో ఉన్నది 32 ఎంబీ. క్లాక్ వేగం కాస్త తక్కువే అయినా ఎంఎంఓల్లో అది మామూలు దాన్ని దాటిపోయింది. ఆ తర్వాత వచ్చిన ఎక్స్3డీ ప్రాసెసర్లకు ఈ గేమ్స్ ఆడేవాళ్లలో పేరు రావడానికి కారణం ఇదే.

గేమ్ తయారుచేసేవాళ్లు పట్టించుకుంటే పాత ఇంజిన్లలో కూడా పని పంచొచ్చు. వార్‌క్రాఫ్ట్ 2018లో డైరెక్ట్‌ఎక్స్ 12కి (గేమ్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ మధ్య పనిచేసే విండోస్ సాఫ్ట్‌వేర్) మారి, పనిని ఎక్కువ కోర్ల మీదికి పంచడం మొదలుపెట్టింది, అప్పటికి గేమ్ వయసు 14 ఏళ్లు. రాబోయే గేమ్ గురించి డెవలపర్లు మాట్లాడేటప్పుడు ఇలాంటి వివరం ఏదైనా చెప్తున్నారేమో వినండి, రే ట్రేసింగ్ ప్రకటనల కంటే అదే ముఖ్యం.

8 జీబీ రామ్ చాలదా?

చాలదు. విండోస్, బ్రౌజర్, వాయిస్ చాట్ కలిసి సగం తినేస్తాయి. 16 జీబీ పెట్టండి, ఒకే స్టిక్ కాకుండా రెండు 8 జీబీ స్టిక్కులుగా, అప్పుడు డ్యూయల్ ఛానెల్‌లో నడుస్తుంది. ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్ మీద ఆడేవాళ్లకైతే ఈ తేడా చాలా పెద్దది. కొత్తగా కొంటున్నవాళ్లు 32 గురించి ఆలోచించొచ్చు.

గ్రాఫిక్స్ కార్డు మెమరీ ఎంత ఉండాలి?

1080పీకి 8 జీబీ ఇప్పటికి నెట్టుకొస్తుంది, అంతకంటే తక్కువ కొత్తగా కొనొద్దు. నగరంలో వంద మంది వంద రకాల కవచాలు వేసుకుంటే వాటి టెక్స్‌చర్లన్నీ వీడియో మెమరీలోకి రావాలి. నిండిపోయాక కార్డు సిస్టమ్ రామ్ నుంచి తెచ్చుకోవడం మొదలుపెడుతుంది, తల తిప్పిన ప్రతిసారీ కుదుపు వస్తుంది. అలా వస్తుంటే టెక్స్‌చర్ క్వాలిటీ ఒక మెట్టు దించండి, మిగతావి ముట్టుకోకండి.

హార్డ్ డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేస్తే ఆడుతుందా?

తెరుచుకుంటుంది, కానీ ఆడినట్టుండదు. 7200 ఆర్‌పీఎం డిస్కులో చక్రం తిరిగి, సూది కదిలి ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లడానికి పది మిల్లీసెకన్ల పైనే పడుతుంది. అంటే చెల్లాచెదురుగా ఉన్న ఫైళ్లను సెకనుకు వంద సార్లు కూడా చదవలేదు. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ అదే పని వేల సార్లు చేస్తుంది. ఇప్పుడు ఊహించండి, మీరు టెలిపోర్ట్ అయ్యి బజారు మధ్యలో దిగారు. చుట్టూ 80 మంది, ఒక్కొక్కరి ఒంటి మీద పదేసి వస్తువులు, ప్రతి దానికీ డిస్కులో వేరే చోట ఫైలు. హార్డ్ డిస్క్ వాడేవాళ్లకు మనుషులు ఒక్కొక్కరుగా ప్రత్యక్షమవుతుంటారు, మొదట నీడ, తర్వాత శరీరం, ఇంకాసేపటికి బట్టలు. పీవీపీలో (ఆడేవాళ్లు ఒకరితో ఒకరు తలపడేచోట) అయితే మిమ్మల్ని చంపినవాడు మీరు చచ్చాక కనబడతాడు. స్టార్ సిటిజన్ లాంటివి ఎస్‌ఎస్‌డీని మినిమంలోనే రాశాయి.

ఖరీదైన ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ అక్కర్లేదు. సాటా ఎస్‌ఎస్‌డీ నుంచి దానికి వెళ్తే లోడింగ్ కాస్త తగ్గుతుంది, హార్డ్ డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి వెళ్లినప్పుడు కనబడే తేడా మాత్రం రాదు.

డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ లాంటి అప్‌స్కేలింగ్ ఉంటే పాత కార్డుతో గడిచిపోతుందా?

కార్డు వల్ల ఇబ్బంది ఉంటే గడుస్తుంది. ఇవి తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేస్తాయి కాబట్టి భారం తగ్గేది కార్డుకి మాత్రమే. జనంలో ప్రాసెసర్ ఆగిపోతున్నప్పుడు అప్‌స్కేలింగ్ ఎంత పెంచినా అంకె కదలదు.

ఫ్రేమ్ జనరేషన్ సంగతి వేరు, అది రెండు అసలు ఫ్రేముల మధ్య కొత్త ఫ్రేము కల్పించి పెడుతుంది. ప్రాసెసర్ అడ్డం పడుతున్నప్పుడు కూడా చూడ్డానికి సాఫీగా అనిపిస్తుంది. కానీ ఆ కల్పిత ఫ్రేములో మీ మౌస్, మీ కీ ఏవీ పనిచేయవు. అసలు ఫ్రేములు 30 దగ్గర ఉంటే చేతికి 30లాగే తెలుస్తుంది, ఇంకాస్త ఆలస్యంగా కూడా. తాపీగా క్వెస్టులు చేసేవాళ్లకు పర్లేదు, దెబ్బ తప్పించుకోవాల్సిన బాస్ ఫైట్‌లో నేనైతే పెట్టుకోను.

ల్యాప్‌టాప్ కొంటే ఏం చూడాలి?

కార్డు పేరు కాదు, వాట్లు చూడండి. ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ చిప్‌నే తీసుకుంటే తయారీదారు దాన్ని 35 వాట్ల నుంచి 115 వాట్ల మధ్య ఎక్కడైనా నడపొచ్చు. ఒకే పేరున్న రెండు ల్యాప్‌టాప్‌ల మధ్య వేగంలో చాలా తేడా రావడానికి కారణం ఇదే, డబ్బా మీద మాత్రం ఒకే స్టిక్కర్ ఉంటుంది. ఛార్జర్ పెట్టి ఆడండి, బ్యాటరీ మీద ఏ ల్యాప్‌టాప్ అయినా తగ్గిపోతుంది. ఎంఎంఓ అంటే గంటల తరబడి కూర్చునే గేమ్, మొదటి పది నిమిషాల్లో వచ్చే ఎఫ్‌పీఎస్ లెక్కలోకి రాదు, గంట తర్వాత వేడెక్కాక ఎంత వస్తోందన్నదే లెక్క.

ఇంటర్నెట్ స్పీడ్ ఎంత కావాలి?

ఆడటానికి చాలా తక్కువ చాలు. సర్వర్ పంపేది బొమ్మలు కాదు, ఎవరు ఎక్కడున్నారు, ఏం చేశారు అన్న చిన్న చిన్న సమాచారం. స్పీడ్ కావాల్సింది డౌన్‌లోడ్‌కి. 100 జీబీ గేమ్ 50 ఎంబీపీఎస్ లైన్ మీద దిగడానికి నాలుగున్నర గంటలు పడుతుంది, అదీ అంతసేపూ పూర్తి స్పీడ్ వస్తేనే. ప్రీలోడ్ ఇస్తే వదలకండి.

పింగ్ (సమాచారం సర్వర్‌కి వెళ్లిరావడానికి పట్టే సమయం) అన్నది దూరం బట్టి ఉంటుంది, డబ్బు పెట్టి కొనలేం. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది, అంటే 8,000 కిలోమీటర్ల దూరంలో సర్వర్ ఉంటే వెళ్లిరావడానికే కనీసం 80 మిల్లీసెకన్లు. మీ లైన్ ఎంత మంచిదైనా అంతకంటే తగ్గదు. ఇది ఎంత బాధిస్తుందన్నది గేమ్‌ని బట్టి ఉంటుంది. ఫైనల్ ఫాంటసీ 14లో ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య మామూలుగా 2.5 సెకన్ల విరామం, వార్‌క్రాఫ్ట్‌లో 1.5 సెకన్లు. వీటిలో 150 పింగ్‌తో కూడా బతకొచ్చు. గురిపెట్టి కొట్టి, పక్కకి దొర్లి తప్పించుకునే యాక్షన్ పోరాటమైతే అదే 150 చాలా ఎక్కువ. కాబట్టి కొత్త గేమ్‌లో సర్వర్లు ఏ ప్రాంతాల్లో పెడుతున్నారన్నది హార్డ్‌వేర్ పట్టికకంటే ముందు చూడండి. వైఫై వదిలేసి కేబుల్ పెట్టుకుంటే పింగ్ పెద్దగా తగ్గకపోవచ్చు గానీ ఎగుడుదిగుళ్లు పోతాయి.

ఒక్కోసారి లాగ్ అసలు మీ దగ్గరిది కాదు. ఈవ్ ఆన్‌లైన్‌లో యుద్ధం మరీ పెద్దదైతే సర్వర్ తట్టుకోలేక ఆటలోని కాలాన్నే నెమ్మది చేస్తుంది, మామూలు వేగంలో 10 శాతం దాకా. 2014 జనవరిలో బీ-ఆర్5ఆర్‌బీ అనే చోట జరిగిన పోరులో 7,500 మందికి పైగా పాల్గొన్నారు, అది 21 గంటలు సాగింది. అక్కడ మీ ఇంట్లో ఏ సిస్టమ్ ఉన్నా ఒకటే.

అధికారిక బెంచ్‌మార్క్ వస్తే నమ్మొచ్చా?

చాలావరకు. ఫైనల్ ఫాంటసీ 14 వాళ్లు ప్రతి పెద్ద ఎక్స్‌పాన్షన్‌కి ముందు ఉచితంగా ఒకటి ఇస్తారు, 2024లో డాన్‌ట్రైల్‌కి కూడా ఇచ్చారు, ఆడేవాళ్ల ఫిర్యాదులు విని మే నెలలో సవరించి మళ్లీ ఇచ్చారు. విడుదలకు ముందే మన సిస్టమ్ మీద మనమే పరీక్షించుకోగలగడం ఎంతో మంచి పద్ధతి, ప్రతి కంపెనీ ఇలా చేయాలి. అయితే బెంచ్‌మార్క్‌లో కనిపించే జనం ముందే రాసిపెట్టిన జనం. స్కోరు అంచు మీద ఉంటే, నగరంలో అంతకంటే తక్కువే వస్తుందని అనుకోండి.

బీటాలో గ్రాఫిక్స్ కార్డులు కాలిపోయాయని విన్నాను. నిజమేనా?

2021 జూలైలో న్యూ వరల్డ్ బీటాలో కొన్ని ఆర్‌టీఎక్స్ 3090 కార్డులు నిజంగానే పోయాయి. మెనూ స్క్రీన్‌లో ఫ్రేములకు హద్దు లేకపోవడంతో కార్డు సెకనుకు వందల ఫ్రేములు గీస్తూ పోయింది, తర్వాత డెవలపర్లు హద్దు పెట్టారు. అసలు తప్పు ఆ కార్డుల్లోని సోల్డరింగ్ లోపానిదని తయారీదారు ఒప్పుకుంది, సరైన కార్డు ఏ గేమ్ వల్లా చావకూడదు. అయినా జాగ్రత్త మంచిదే, డ్రైవర్ సెట్టింగ్స్‌లో గరిష్ఠ ఎఫ్‌పీఎస్‌ని మీ మానిటర్ రిఫ్రెష్ రేటు దగ్గర ఆపేయండి. కరెంటూ వేడీ కూడా తగ్గుతాయి.

నాది పాత విండోస్. ఇబ్బందా?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది, కొత్త గేమ్స్ మెల్లగా దాన్ని వదిలేస్తాయి. మోసాలు అరికట్టే సాఫ్ట్‌వేర్ కోసం కొన్ని గేమ్స్ సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయాలు ఆన్‌లో ఉండాలంటున్నాయి, చాలా బోర్డుల్లో ఇవి ఉంటాయి గానీ బయోస్‌లో ఆఫ్‌లో ఉంటాయి. లినక్స్, స్టీమ్ డెక్ వాడేవాళ్లు హార్డ్‌వేర్ కంటే ముందు ఈ సంగతే కనుక్కోవాలి, ఆ సాఫ్ట్‌వేర్ ఒప్పుకోకపోతే ఎంత మంచి మెషీన్ అయినా లోపలికి రానివ్వదు.

సిస్టమ్ బాగుంటే మొదటి రోజు సాఫీగా ఆడొచ్చా?

ఆ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. 2012 మేలో డియాబ్లో 3 మొదటి రోజు చాలామందికి దక్కింది "ఎర్రర్ 37" ఒక్కటే. 2022 ఫిబ్రవరిలో లాస్ట్ ఆర్క్‌కి స్టీమ్‌లో ఒకేసారి 13 లక్షల మందికి పైగా వచ్చారు, క్యూలు గంటల కొద్దీ సాగాయి. 2021 డిసెంబరులో ఫైనల్ ఫాంటసీ 14కి జనం ఎంత పోటెత్తారంటే కంపెనీ గేమ్ అమ్మకాలే కొంతకాలం ఆపేసింది, చిప్‌ల కొరత వల్ల డబ్బున్నా కొత్త సర్వర్లు దొరకలేదు. సెలవు పెట్టాలనుకుంటే విడుదల రోజు కాకుండా ఆ తర్వాతి వారం పెట్టండి. స్నేహితులంతా ఏ సర్వర్‌లో చేరాలో మాత్రం ముందే మాట్లాడుకోండి, నిండిపోయాక ఒకే చోట చేరడం చాలా కష్టం.

డబ్బు కొంచెమే ఉంది. ఒక్కటే మార్చగలను, ఏది మార్చాలి?

ఇంకా హార్డ్ డిస్క్ మీదే ఉంటే ఎస్‌ఎస్‌డీ. అది ఉంటే, రామ్ 16 జీబీ కంటే తక్కువైతే రామ్. ఆ రెండూ ఉంటే పైన చెప్పిన టాస్క్ మేనేజర్ పరీక్ష చేసి ఏది అడ్డం పడుతుంటే అది. ప్రాసెసర్ అని తేలితే, మీ బోర్డు ఒప్పుకునే వాటిలో మెరుగైనది ఉందేమో ముందు చూడండి, బోర్డు, రామ్ అన్నీ మార్చే ఖర్చు తప్పుతుంది. గ్రాఫిక్స్ కార్డు చివర్లో, పరీక్షలో అదే అడ్డం అని తేలితేనే.

ఏదీ మార్చలేను. ఉన్న సిస్టమ్‌తోనే జనంలో ఆడాలంటే ఏ సెట్టింగ్స్ దించాలి?

చాలామంది ముందు రిజల్యూషన్ దించి, టెక్స్‌చర్లు పాడుచేసుకుని, ఎఫ్‌పీఎస్ పెరగలేదని విసుక్కుంటారు. అవి కార్డు పనులు. జనంలో దించాల్సినవి వేరు.

ముందు నీడలు. నీడ పడాలంటే ప్రతి క్యారెక్టర్‌ని నీడ కోసం ఇంకోసారి గీయాలి, ప్రాసెసర్ పంపే ఆదేశాలు కూడా దాదాపు రెట్టింపవుతాయి. ఇతరుల నీడలు విడిగా ఆపే వీలుంటే అదొక్కటి ఆపినా తేడా కనబడుతుంది. తర్వాత స్క్రీన్ మీద ఒకేసారి కనిపించే క్యారెక్టర్ల సంఖ్య, ఫైనల్ ఫాంటసీ 14లో దీనికి ప్రత్యేకంగా ఒక సెట్టింగ్ ఉంది, కొత్త గేమ్స్‌లో కూడా వెతకండి. ఆ తర్వాత ఇతరుల మంత్రాల ఎఫెక్ట్‌లు, ముఖ్యంగా పార్టీలో లేనివాళ్లవి. తల మీద పేర్లు, దెబ్బల అంకెలు, యాడ్ఆన్‌లు (గేమ్‌కి విడిగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాములు) కూడా ప్రతి ఫ్రేములో పని పెట్టేవే, రెయిడ్‌కి అవసరమైనవి ఉంచుకుని మిగతావి తీసేయండి. వార్‌క్రాఫ్ట్‌లో రెయిడ్ కోసం విడిగా సెట్టింగ్స్ పెట్టుకోవచ్చు, మామూలుగా తిరిగేటప్పుడు అన్నీ హైలో ఉంచుకుని రెయిడ్‌లోకి వెళ్లగానే అవే దిగిపోతాయి. కొత్త గేమ్‌లో ఆ సదుపాయం లేకపోతే బీటాలోనే అడగండి, ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాయండి, విడుదలకు ముందు డెవలపర్లు ఇలాంటివి చేర్చడానికి వీలుండేది అప్పుడే.